నీరు పల్లమెరుగు, ప్లంబరు అడ్రసెరుగు

హైదరాబాద్‌లో కరెంటు స్తంభాలు కరెంటు కోసమే పాతారని ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు నమ్ముతారు. పాతింది స్టిక్కర్ల కోసం. 'ఆపరేషన్ లేకుండా పైల్స్ మాయం', 'బాయ్స్ హాస్టల్, త్రీ షేరింగ్', ఆ రెంటి మధ్య ఇరుక్కుని 'ఎమర్జెన్సీ ప్లంబర్, 24 గంటలు, అన్ని ఏరియాలకూ'. పైల్స్ సంగతి నాకు తెలియదు గానీ, ప్లంబరు విషయంలో '24 గంటలు' చాలావరకు నిజమే. తేడా అంతా 'అన్ని ఏరియాలు' దగ్గరే.

ఫోన్ చేసి చూడండి. పైపు పగిలిందనీ, హాల్లో చీలమండ లోతు నీళ్లనీ, సోఫా తేలడమే తక్కువనీ మీరు ఊపిరి తీసుకోకుండా చెబుతుంటే అవతలి గొంతు చల్లగా ఒకే ప్రశ్న వేస్తుంది: "ఏరియా ఎక్కడ సార్?" బంజారాహిల్స్ అన్నారో, మనిషి ఆ క్షణమే బయల్దేరతాడు. విజిటింగ్ ఛార్జీ కూడా అతని బండి వెనకాలే ఎక్కి, దారి పొడవునా ఎదుగుతూ వస్తుంది. కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీ అంటే "టవర్ ఏది, ఎన్నో ఫ్లోర్?" అంటాడు. అంతస్తు పెరిగేకొద్దీ రబ్బరు వాషరు ఖరీదు పెరగడం ఆ ప్రాంతపు ప్రకృతి ధర్మం. యాకుత్‌పురా అంటే "బండి లోపలికొస్తదా?" అని సందేహిస్తాడు. బోరబండ బస్తీ అంటే సిగ్నల్ పోతుంది.

అలాగని ఈ నగరం నీళ్ల అత్యవసరాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదనడానికి లేదు. 1908లో మూసీ ఊరిని ముంచేస్తే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన సలహాతో 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఒక్క కంప్లయింటుకు రెండు జలాశయాలు! ఇవాళ ఒక్క కంప్లయింటుకు ఒక్క నంబరు వస్తుంది, ఎస్సెమ్మెస్‌లో. ఆ తర్వాత మంజీరా వచ్చింది, కృష్ణ వచ్చింది, ఎల్లంపల్లి నుంచి గోదావరీ వచ్చింది. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, పంపింగ్ స్టేషన్లు ఒక్కొక్కటే దాటి, ఎత్తులెక్కి, క్షేమంగా మన ఇల్లు చేరి, వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ దగ్గర, ఆఖరి జానెడు దూరంలో నేలపాలవుతాయి.

ఆ జానెడు ఎవరిదో తేల్చడం అంత సులువు కాదు. వాటర్ బోర్డు బాధ్యత మన గేటు దగ్గరే నిలబడి దండం పెట్టి వెళ్లిపోతుంది. బిల్డరును అడుగుదామా అంటే, 2016 నాటి రెరా చట్టం అతని మెడ మీద కత్తి పెట్టిన మాట వాస్తవం. ఫ్లాటు స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడి, మనం చెప్పామంటే, 30 రోజుల్లో పైసా అడగకుండా బాగుచేయాలి. చిక్కేమిటంటే, మన గోడల్లోని పైపులు కూడా ఈ చట్టాన్ని క్షుణ్ణంగా చదువుకున్నాయి. ఐదేళ్లూ బుద్ధిగా ఉంటాయి. ఆరో ఏడు రాగానే చెమ్మ పెడతాయి.

సరే, ప్లంబరు వచ్చాడు. రాగానే అతనడిగేది "మెయిన్ వాల్వ్ ఎక్కడ?" ఇంటాయన ఇంటావిడ వంక చూస్తాడు. ఆవిడ అత్తగారి వంక చూస్తుంది. అత్తగారు దేవుడి పటం వంక చూస్తుంది. కోటి రూపాయలు పోసి కొన్న ఇంట్లో వాస్తు ప్రకారం ఈశాన్యం ఎక్కడో పసిపిల్లాడు కూడా చెబుతాడు, వాల్వ్ ఎక్కడో చెప్పే నాథుడుండడు. చివరికి అది మాడ్యులర్ వార్డ్‌రోబ్ వెనక, పట్టుచీరల అర కింద బయటపడుతుంది. బ్రోచర్‌లో ఈతకొలను ఎంత నీలంగా ఉంటుందో రంగుల్లో అచ్చేసిన బిల్డరు, ఏ గోడలో ఏ పైపు పోతోందో చూపే కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వడు. అందుకే ప్లంబరు పుచ్చకాయను తట్టి చూసినట్టు గోడ తట్టి, చెవి ఆనించి, "ఇక్కడ కొడతా" అంటాడు. కొడతాడు. అక్కడ ఉండదు.

అసలు విషయం సీపేజీ దగ్గర మొదలవుతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్న పెద్దలకు అపార్ట్‌మెంట్ల గురించి ముందే ఎలా తెలిసిందో!

"బాబూ, మీ బాత్రూం నీళ్లు మా దేవుడి గదిలోకి దిగుతున్నాయి."

"మా ఫ్లోరు పొడిగానే ఉంది ఆంటీ. మీ పుట్టీ ప్రాబ్లమేమో."

"పుట్టీకి డ్రైనేజీ కంపెలా వస్తుంది నాయనా?"

"అసోసియేషన్ గ్రూపులో పెట్టండి ఆంటీ."

గ్రూపులో పెడితే గుడ్ మార్నింగ్ గులాబీల మధ్య నుంచి సెక్రటరీ తల ఎత్తి "అది కామన్ ఏరియా కాదు" అని తీర్పిస్తాడు. పైవాడు అద్దెకున్నవాడు, "ఓనర్‌తో మాట్లాడండి" అంటాడు. ఓనరు డాలస్‌లో ఉంటాడు, మనకు పగలైతే ఆయనకు రాత్రి. చెమ్మ రెండు పొద్దులూ దిగుతుంది. ఒక పైపును మార్చడానికి పట్టే సమయం గంట. అది ఎవరిదో తేలడానికి ఒక వానాకాలం పడుతుంది, తేలాక మాట్లాడుకోవడాలు ఉండవు.

నాని ట్రాప్ ఊడదీసినవాడికి ఆ ఇంటి నిజాలు దాగవు. 'శుద్ధ శాకాహారులకే అద్దెకివ్వబడును' అని బోర్డున్న బిల్డింగులో చాంబర్ మూత తీస్తే మటన్ బొక్కలు బయటపడతాయి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కాకులు వేసి ఉంటాయని తీర్మానిస్తారు. ప్లంబరు ఏమీ అనడు. చాలాసార్లు అతనికి తెలుగు రాదు కూడా.

ఇక్కడో సంగతి చెప్పుకోవాలి. మన ఇళ్లకొచ్చే ప్లంబర్లలో చాలామంది ఒడిశావాళ్లు, అందులోనూ కేంద్రపాడ జిల్లా పట్టాముండై వైపు వాళ్లు. బ్రిటిషు కాలంలో కలకత్తా కంపెనీల దగ్గర పని నేర్చుకున్న తాతల నుంచి మనవల దాకా దిగిన విద్య అది. దేశం మొత్తానికి కుళాయిలు బిగించేది ఆ చిన్న ఊరి చుట్టుపక్కల చేతులే. జూన్ నడుమ వాళ్లకు రజొ పండగ. భూదేవికి విశ్రాంతి ఇస్తారు, ఊయలలు కడతారు, దూరాన ఉన్నవాళ్లు ఇళ్లకు చేరతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనకు నైరుతి రుతుపవనాలు దిగుతాయి. మాన్‌హోళ్లు పొంగి, సెల్లార్లు నిండి, '24 గంటలు' నంబరుకు నగరమంతా ఒక్కసారి ఫోన్ కొడితే, అవతల ఊయల కిర్రుమంటుంటుంది. "గావ్ మే హూఁ సార్. పది రోజులు." భూదేవికి సెలవు దొరికే దేశంలో ప్లంబరుకు దొరకడం మన కాలనీలవాళ్లకు ఘోరంగా తోస్తుంది. "వీళ్లకు బాధ్యత లేదండీ," అంటారు, రిసార్టుకు బయల్దేరుతూ.

బస్తీలో ఈ బాధలేవీ లేవు. నల్లా రోజు విడిచి రోజు, అదీ లైన్‌మన్ వాల్వ్ తిప్పిన వేళకు. తెల్లారుజామున రెండింటికి తిప్పితే రెండింటికే బిందెలు లేస్తాయి. పైపు పగిలితే పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, తీగ చుట్టి బిగిస్తారు. గేటెడ్ కమ్యూనిటీలో గ్యారంటీ కార్డుతో వేసిన ఫిట్టింగు కన్నా అది ఎక్కువ కాలం నిలుస్తుంది, కార్డు లేకపోవడమే అందుకు కారణమని నా అనుమానం. మురుగు కలిసి నల్లా నీళ్లు రంగు మారితే మాత్రం దాన్ని అక్కడ ఎమర్జెన్సీ అనరు. 'సమస్య బోర్డు దృష్టిలో ఉంది' అంటారు.

బాధ్యత కూడా పల్లం చూసుకునే పారుతుందని చెప్పడానికి సెప్టిక్ ట్యాంకు కన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు. బిల్డరు నుంచి అసోసియేషన్‌కు, అసోసియేషన్ నుంచి వెండర్‌కు, వెండర్ నుంచి అడ్డా మీద దొరికిన ఇద్దరు కుర్రాళ్లకు దిగి, వాళ్ల కాళ్ల కింద ఆగుతుంది. తగిన రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. లోపల ప్రాణం పోతే ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. యంత్రం పిలిస్తే ఎంతవుతుందో కనుక్కున్న సెక్రటరీ, "ఎక్కువ చెబుతున్నాడండీ" అన్నాడు. మెయింటెనెన్సు బకాయిలు అలా ఉంటే యంత్రాలెక్కడి నుంచి వస్తాయని కోశాధికారి నిలదీశాడు. కాంట్రాక్టు కాగితంలో మాత్రం, పని వేళ జరిగే దేనికీ అసోసియేషన్‌కు సంబంధం లేదని వకీలు చేత శుభ్రంగా రాయించారు. దానికి ఫీజు బేరమాడలేదు.

అదే అసోసియేషన్ గేటు పక్కన కొత్తగా నోటీసు అంటించారు. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, డెలివరీ బాయ్‌లు లిఫ్టు వాడరాదు, వాడితే జరిమానా. తొమ్మిదో అంతస్తులో గీజరు పైపు పగిలిన రోజున, పైపు రెంచీ, డ్రిల్లింగ్ మెషీను భుజాన వేసుకుని మెట్లెక్కుతున్న మనిషికి ఆ ఇంటాయన పైనుంచి ఫోన్ చేసి, "ఏమయ్యా, ఎమర్జెన్సీ అని చెప్పాం కదా, ఇంత లేటా?" అని అడిగాడు.