రికార్డులు లేవు, దయచేయండి

దేశంలో ఏ సర్కారు సైటునైనా అడగండి, తడుముకోకుండా చెప్పే మాట ఒకటుంది: ‘నో రికార్డ్స్ ఫౌండ్’. మిగతా ప్రశ్నలన్నిటికీ గిరగిరా చక్రం తిప్పుతూ కూర్చునే కంప్యూటరు ఈ ఒక్క జవాబు మాత్రం అడగ్గానే ఇస్తుంది. ఒక్కోసారి అడగకముందే ఇస్తుంది. ఇంతటి వేగాన్ని సాధించిన మన సాఫ్ట్‌వేర్ సోదరులను పిలిచి భద్రాచలంలో శాలువా కప్పాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

వాళ్ల పనితనం తెలియాలంటే కాస్త లోపలికి తొంగిచూడాలి. డేటాబేస్‌ను ఏదైనా అడిగితే జవాబు అప్పటికప్పుడు రాదు. ప్రశ్న ఎక్కడో ఉన్న సర్వర్ దాకా పోవాలి, అక్కడ వెతకాలి, దొరికింది పట్టుకుని తిరిగి రావాలి. ఈలోగా ప్రోగ్రాం చేతులు ముడుచుకు కూర్చోకుండా వేరే పనులు చూసుకుంటుంది. దీన్ని అసింక్రనస్ పద్ధతి అంటారు. మంచి ఏర్పాటే, తిట్టడానికేం లేదు. చిక్కల్లా ఆ మధ్యకాలంలో తెర మీద ఏం కనిపించాలన్న దగ్గరే.

మనవాడు రియాక్ట్ అనే లైబ్రరీతో పేజీ కడుతూ ‘రోస్’ అని ఒక జాబితా పెట్టుకుంటాడు. మొదట్లో అందులో ఏమీ ఉండదు. కింద ఇంకో వరుస రాస్తాడు: జాబితా ఖాళీగా ఉంటే ‘నో రికార్డ్స్ ఫౌండ్’ అని చూపించు. పేజీ తెరుచుకున్న మొదటి క్షణంలో జాబితా ఎలాగూ ఖాళీయే కనుక తీర్పు ముందే వెలువడుతుంది, విచారణ తర్వాత మొదలవుతుంది. హైదరాబాద్ ఆఫీసులో ఫైబర్ లైను మీద ఆ మాట కంటికి ఆనేలోపే అసలు జవాబు వచ్చి దాన్ని చెరిపేస్తుంది. టెస్టింగ్ వాళ్లకు కనబడదు. డెమో చూసి తలూపిన పెద్దసారుకూ కనబడదు. దుమ్ముగూడెం దాటి చర్ల వైపు పోతుంటే, సిగ్నల్ ఒక్క గీత మీద వేలాడే చోట, ఆ క్షణం సాగి సాగి నిమిషమవుతుంది. అక్కడ మాత్రం ఆ మాట ఎంత స్పష్టంగా కనబడుతుందో!

పోడు పట్టా సంగతి కనుక్కుందామని పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ముసలాయన్ను ఇంటర్నెట్ సెంటర్లో ఊహించుకోండి. జేబులో ప్లాస్టిక్ కవరు, కవర్లో నాలుగు మడతల రసీదు. కుర్రాడు నంబరు కొట్టాడు.

‘నీ పేరు లేదు తాతా.’

‘మొన్న ఉందన్నవు గద బిడ్డా?’

‘నేనేం జెయ్యాలె, కంప్యూటరే లేదంటంది.’

కుర్రాడి తప్పేమీ లేదు. వెనక క్యూ ఉంది, తెర మీద ఇంగ్లీషులో స్పష్టంగా రాసుంది. అతను పేజీ మూసేశాక, తాత మెట్లు దిగుతుండగా, సర్వర్ నుంచి జవాబు వచ్చి ఉంటుంది. అందుకోవడానికి అక్కడ పేజీ లేదు.

ఇది మొదటి విద్య. రెండోది ఇంతకన్నా ఘనమైంది. సర్వర్ పడిపోయిందనుకోండి, కనెక్షన్ తెగిందనుకోండి. ప్రోగ్రాం ఎర్రర్ అని మొత్తుకుంటుంది. మనవాడు ఆ ఎర్రర్‌ను ‘క్యాచ్’ చేసి, నోరు నొక్కి, దాని బదులు ఒక ఖాళీ జాబితాను పైకి పంపిస్తాడు. స్టేటస్ కోడ్ 200, అంటే అంతా సలక్షణంగా ఉన్నట్టే లెక్క. ఇదేమిటయ్యా అంటే ‘పేజీ క్రాష్ కాలేదు కద సార్’ అంటాడు. నిజమే, పేజీ చెక్కుచెదరలేదు. ఎర్రర్ చూపిస్తే యూజర్ కంగారుపడతాడట. పట్టా గల్లంతైందంటే మాత్రం హాయిగా నిద్రపోతాడు కాబోలు!

మూడోది మతిమరుపు విద్య. జావాస్క్రిప్ట్‌లో ‘అవెయిట్’ అన్న ఒక్క మాట రాయడం మరిచిపోతే చేతికొచ్చేది జవాబు కాదు, ‘తర్వాత రా’ అని రాసిచ్చిన టోకెన్ లాంటిది. మనవాడు ఆ టోకెన్‌నే పట్టుకుని ‘నీలో ఎన్ని వరుసలున్నాయి’ అని లెంగ్త్ అడుగుతాడు. అది ‘అన్‌డిఫైన్డ్’ అంటుంది. అన్‌డిఫైన్డ్ అంటే లేనట్టే, లేనట్టే అంటే రికార్డులు లేవు! పోనీ నిజంగా ఖాళీ జాబితానే ఎదురుగా నిలబెట్టి ఉన్నట్టా లేనట్టా అని అడిగితే జావాస్క్రిప్ట్ ఉన్నట్టే అంటుంది, పైథాన్ లేనట్టే అంటుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాసేవాడి మీద నాకు నిజంగానే జాలి. కానీ జాలిపడి ఊరుకుంటే బస్సు చార్జీలు ఎవరిస్తారు?

రిలేషనల్ డేటాబేస్‌కు 1970లో పునాది వేసిన ఎడ్గర్ కాడ్‌కు ఈ ఖాళీల బాధ బాగా తెలుసు. విలువ ఉంది గానీ మనకింకా తెలియదు అన్నదానికి ఒక గుర్తు, ఆ వివరం ఈ మనిషికి వర్తించనే వర్తించదు అన్నదానికి ఇంకో గుర్తు ఉండాలని 1990 నాటి పుస్తకంలో వాదించాడు. డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ‘నల్’ అన్న ఒక్క గుర్తుతోనే సరిపెట్టుకుంది. మనవాళ్లు ఆ సరిపెట్టుకోవడాన్ని తెర దాకా తెచ్చారు.

గోదావరి దగ్గర ఈ ఆటలు సాగవు. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఎగువ నుంచి రీడింగ్ అందలేదని ‘నీటిమట్టం: సున్నా’ అని రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు. రాస్తే నది తానే ఊళ్లోకొచ్చి సరిదిద్దుతుంది. 2022 జూలైలో 71 అడుగులు దాటి వచ్చింది కూడా. పోడు రైతుకు ఆ సౌకర్యం లేదు.

ఖాళీ జవాబు నిజంగానే ఖాళీ అయినప్పుడైనా, ప్రశ్న సరిగ్గా అడిగారా అన్నది ఇంకో కథ. ఎటపాక 2014 దాకా ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాల లెక్కలో తూర్పు గోదావరికి పోయింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పక్కనే ఉన్న భద్రాచలం 2016లో ఖమ్మం నుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం కిందికొచ్చింది. ఊళ్లు అంగుళం కదలలేదు. డ్రాప్‌డౌన్‌లో పాత జిల్లా నొక్కితే మాత్రం ఊరే లేదు. మడకం అన్న ఇంటిపేరు ఒక రిజిస్టర్లో మడ్కం, ఇంకోదాంట్లో మాడ్కం. అక్షరం తేడా వస్తే మనిషి మాయం.

పోడు పట్టాలకు ఆధారమైన 2006 అటవీ హక్కుల చట్టం, దాని నిబంధనలు రాసినవాళ్లకు కంప్యూటర్ల మీద ఇంత గురి లేదు. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నామని చూపడానికి ఊరి పెద్దల వాంగ్మూలం కూడా ఆధారమే అన్నారు. ఉపగ్రహ చిత్రాలు, ఇతర టెక్నాలజీ మిగతా ఆధారాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలో కూర్చోకూడదని 2012 సవరణ నిబంధనల్లో చేర్చారు. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాయాలి, ఆ మనిషికి స్వయంగా తెలపాలి, 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లే వీలివ్వాలి. ‘నో రికార్డ్స్ ఫౌండ్’ అన్నది మంజూరా, తిరస్కరణా? ఆ 60 రోజులు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి, స్క్రీన్‌షాట్ తీసిన రోజు నుంచా? 2019 ఫిబ్రవరి 13న తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమన్న సుప్రీంకోర్టు, ఆ తిరస్కరణలు ఎలా జరిగాయో తేలాలంటూ 28న తన ఉత్తర్వును తానే ఆపింది. 2023లో తెలంగాణలో లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాలు ప్రకటించారు. కాగితం చేతికొచ్చినవాడికీ తెర మీద పేరు కనబడకపోతే బ్యాంకు దగ్గర పరీక్ష మళ్లీ మొదలు.

ఇంతకీ దీనికి మందు పెద్ద ఖరీదైందేమీ కాదు. ఇంకా అడుగుతున్నాం, అడగలేకపోయాం, అడిగాం గానీ లేదు — ఈ మూడూ మూడు రకాలుగా చూపించాలి. ‘లేదు’ అన్నప్పుడు ఏ జిల్లాలో, ఏ ఊళ్లో, ఏ స్పెల్లింగుతో వెతికారో కూడా కింద రాయాలి. కోడ్‌లో పది వరుసలు పెరుగుతాయేమో. అందుకు బదులు ఈమధ్య డిజైనర్లు ఆ ఖాళీ పేజీ మీద భూతద్దం పట్టుకున్న ముద్దొచ్చే బొమ్మ ఒకటి అతికిస్తున్నారు.

కాబట్టి వచ్చే టెండర్లో ఒకే ఒక్క షరతు చేర్చమని నా మనవి. డెమో హైదరాబాద్‌లో వద్దు, చర్ల బస్టాండులో పెట్టండి. ఫోన్ నెట్ మీద నడపండి. సగంలో సర్వర్ వైరు పీకండి. తెర మీద ఏం వచ్చిందో పెద్దసారు అక్కడున్నవాళ్లకు గట్టిగా చదివి వినిపించాలి. ఆయన భోజనం ఖర్చు మాది.