విప్ గారికి డిస్టింక్షన్

మొన్న పొద్దున ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు రెండు రౌండ్లు కొట్టి తార్నాకలో చాయ్ తాగుతుంటే, పొలిటికల్ సైన్స్‌లో రీసెర్చ్ చేస్తున్న కుర్రాడొకడు ల్యాప్‌టాప్ తెరిచి నా ముందు పెట్టాడు. "సార్, విదేశాంగ విధానంలో మన ఎంపీలందరికీ మార్కులు వేస్తున్నాం. వాళ్లు వేసిన ఓట్లను బట్టి, నూటికి." పేరుకో గడి, గడికో రంగు. ఎంసెట్ ర్యాంకుల ప్రకటనలు వింటూ పెరిగిన తరం. మనిషి కనిపిస్తే మార్కులు వేయకుండా చెయ్యి ఊరుకోదు.

"ఎక్కడిది తమ్మీ ఈ ఆలోచన?"

"అమెరికాలో సంఘాలన్నీ వేస్తాయి సార్!"

అమెరికా సరుకు ఈ క్యాంపస్‌కు కొత్త కాదు. అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ 1964లోనే ఇక్కడ వెలిసింది. పుస్తకాలు తెచ్చుకున్నాం, బాగుంది. ఇప్పుడు వాళ్ల ప్రోగ్రెస్ కార్డు కూడా తెచ్చుకుంటున్నామన్నమాట. అక్కడ 1947లో పుట్టిన అమెరికన్స్ ఫర్ డెమోక్రటిక్ యాక్షన్ అనే సంఘం పద్ధతి చూడండి. ఏడాదిలో పడిన ఓట్లలోంచి ఇరవై ఏరుకుంటుంది, ఒక్కోదానికి 5 మార్కులు. ఏరేది వాళ్లే, దిద్దేది వాళ్లే. సభకు రానివాడికి ఆ 5 గోవిందా. జ్వరంతో మంచం పట్టిన సెనేటరూ, యుద్ధానికి జై కొట్టిన సెనేటరూ ఆ గడిలో కవల పిల్లలు. పరీక్ష అయ్యాక పేపర్ సెట్ చేసే సౌకర్యం మన ఎగ్జామినేషన్ బ్రాంచికి కూడా లేదు.

అయినా అక్కడ పరీక్షంటూ ఒకటుంది. సొంత పార్టీని కాదని ఓటేసినా సభ్యుడి సీటు పోదు. ఇక్కడో? విదేశాలతో ఒప్పందం మీద సంతకం సర్కారు పని, పార్లమెంటును అడగాల్సిన పనే లేదు. ఉదాహరణకు మందుల సంగతే చూడు. తార్నాకలోనే ఉన్న పరిశోధన సంస్థ ఐఐసీటీ, మందులు చౌకగా తయారుచేసే దారులు వెతికి పేరు తెచ్చుకున్న చోటు. 1994 ఏప్రిల్ 15న మర్రకేష్‌లో పీవీ ప్రభుత్వం ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం మీద సంతకం పెట్టాక మందుల పేటెంట్ల లెక్కే మారిపోయింది. ఆ సంతకానికి ముందు ఎంపీల ఓటు ఎవరు అడిగారు? అందుకు తగ్గట్టు పేటెంట్ చట్టానికి ఆఖరి సవరణ సభకొచ్చింది 2005లో, సంతకం తడి ఆరిన పదకొండేళ్లకు.

సభ దాకా వచ్చినవాటిలోనూ చాలా భాగం మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. ఎవరు "అవును" అన్నారో, ఎవరు ఆవులించారో రికార్డులో ఉండదు. ఎవరైనా పట్టుబట్టి డివిజన్ అడిగితేనే పేర్లు నమోదవుతాయి. అప్పుడు కూడా ఎటు ఓటేయాలో చెప్పే పార్టీ విప్ ఉంటుంది, దాని వెనక రాజ్యాంగంలోని పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంటుంది. గీత దాటితే సభ్యత్వానికే ఎసరు. అంటే కుర్రాడి గడుల్లో ఉన్నది ఎంపీ చేతిరాత కాదు, విప్ గారి డిక్టేషన్. చూచిరాతకు దస్తూరీ మార్కులు!

"2008 ఉంది కదా సార్" అన్నాడు వాడు, తురుపు ముక్క వేసినట్టు.

ఉంది. అమెరికాతో అణు ఒప్పందం రగడలో జూలై 22న లోక్‌సభలో ఓటింగ్ జరిగింది: సర్కారుకు 275, వ్యతిరేకంగా 256. కానీ ఓటు పడింది ఒప్పందం మీద కాదు, మన్మోహన్ సర్కారు ఉండాలా ఊడాలా అన్నదాని మీద. కార్డు ప్రకారం చూద్దాం. సర్కారుకు వ్యతిరేకంగా ఓటేశారు కాబట్టి, ఉస్మానియాలో లా చదివిన సీపీఐ నేత సురవరం సుధాకర్‌రెడ్డికీ, బీజేపీ అద్వానీ గారికీ సరిసమానంగా మార్కులు. సర్కారుకు ఓటేసిన అసదుద్దీన్ ఒవైసీ అమెరికాకు ఆప్తమిత్రుడు. ఇక తెలుగుదేశం నుంచి గోడ దూకి సర్కారు వైపు ఓటేసిన ఇద్దరున్నారు, చిత్తూరు ఆదికేశవులు, నాగర్‌కర్నూలు మందా జగన్నాథం. యురేనియం సరఫరా గురించి రాత్రంతా మథనపడి దూకారని రాయమంటావా? జగన్నాథం గారు 2009లో అదే నాగర్‌కర్నూలు నుంచి కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. దానికి ఏ రంగు గడి పెడతావో నీ ఇష్టం.

నిజంగా సరిహద్దు మారిన ఓటు ఒకటుంది. 1974లో బంగ్లాదేశ్‌తో కుదిరిన భూసరిహద్దు ఒప్పందానికి 2015లో నూరవ రాజ్యాంగ సవరణ. భూమి ఇచ్చిపుచ్చుకోవాలి కాబట్టి ఓటు తప్పలేదు. లోక్‌సభలో 331 అనుకూలం, వ్యతిరేకం సున్నా. ఓటేసిన అందరికీ నూటికి నూరు! మన కార్పొరేట్ కాలేజీలు కూడా ఇలాంటి రిజల్టు ప్రకటించడానికి కాస్త సిగ్గుపడతాయి.

కుర్రాడు చాయ్ చల్లారబెట్టుకుని ఆలోచనలో పడ్డాడు. ఎంపీల మీద కన్నేసి ఉంచాలన్న వాడి పట్టుదల నాకూ ఇష్టమే. స్థాయీ సంఘం నివేదికలు చదవవయ్యా, ఎవరు ఏం అడిగారో, మంత్రి ఏం దాటవేశారో ప్రశ్నోత్తరాల్లో చూడు అంటే, "అవి గడిలో పట్టవు సార్" అన్నాడు. పాయింటే.

"పోనీ హాజరు కలుపుతా సార్. ముందు మన సికింద్రాబాద్."

"మన కిషన్‌రెడ్డి గారు 2019లో గెలిచినప్పటి నుంచీ కేంద్ర మంత్రి. మంత్రులు హాజరు పట్టీలో సంతకం పెట్టరు, సభలో ప్రశ్నలు అడగరు."

"మరి ఆ గడిలో ఏం రాయను?"

"విత్‌హెల్డ్ అని రాయి. ఉస్మానియాలో చదివావు, ఆ మాట నీకు నేను నేర్పాలా?"