కిటికీ లేని గది

2025 దసరా ముందు సింగరేణి కార్మికులకు 34 శాతం లాభాల వాటా ప్రకటించారు, మొత్తం రూ.819 కోట్లు. ఇంకేం, గోదావరిఖనిలో ఇంటింటా మంత్రివర్గ సమావేశమే! ఓ కొడుకు ఫోన్‌లో మయామీ నుంచి కరేబియన్ దీవులకు పోయే ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ ఓడ చూపించాడు. 20 అంతస్తులు, 7 స్విమ్మింగ్ పూల్స్.

‘‘చవక గది ఇదొక్కటే బాపూ. కిటికీ ఉండది.’’

‘‘ముప్పయ్యేండ్ల సంది బాయిల కిటికీ లేకుంటనే ఉన్న. గా చీకటికి కంపెనీయే నాకు జీతమిచ్చింది. గీళ్లకు నేనియ్యాల్నా?’’

‘‘దీవిల దిగి బజారు తిరిగెటాళ్లకు ఆలస్యమైతే ఓడ ఆగదటనే!’’ అమ్మ అనుమానం.

‘‘ముందుగాల అమెరికా వీసా రావాలమ్మా.’’

వెంటనే తీర్మానం మారింది: చిల్కూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు. వీసా వస్తే 108. వాటా సొమ్మును మాత్రం ఈలోగా ఇంటి లోన్ కిస్తీ, ఏ వీసా లేకుండానే, ఓడెక్కించేసింది.