ఆపద్ధర్మ షావుకారు

మన దేశంలో ఆపద్ధర్మ ముఖ్యమంత్రి అని ఒకాయన అప్పుడప్పుడూ ఉంటాడు. కుర్చీ ఆయనదే, కారు ఆయనదే, సంతకమూ ఆయనదే. విధాన నిర్ణయాలు మాత్రం తీసుకోకూడదు. తిట్లు తినడంలో మటుకు అసలు ముఖ్యమంత్రికి ఏమీ తీసిపోడు. 2016 చివర్లో మా మావయ్య కిరాణా కొట్లో నేను వెలగబెట్టిన పదవి ఇదే. కాకపోతే నాకు కారు లేదు, సంతకానికి విలువ లేదు. కుర్చీ కూడా మావయ్య నడుముకి అలవాటుపడి, నన్ను ఓ పక్కకి ఒరగేసి కూర్చోబెట్టేది.

తణుక్కి కాస్త ఎడంగా ఉన్న ఊరు మాది. కొట్టుకి పేరు రాసిన బోర్డు లేదు. అందరికీ తెలిసిన కొట్టుకి బోర్డెందుకన్నది మావయ్య వాదన. లోపల మాత్రం "అరువు రేపు" అని ఒక అట్టముక్క వేలాడుతూ ఉండేది. సరిగ్గా దాని కిందే అరువు పుస్తకాల దొంతర. ఆ పుస్తకాల్లో ఎవరి అసలు పేరూ ఉండదు. "మేడమీద టీచరమ్మ", "బుల్లెట్టు బాబు", "చెరువుగట్టు పెదనాన్న", "పెళ్ళిలో అలిగినాయన" అంటూ పద్దులుంటాయి. ఆధార్ కార్డు ఉన్నా లేకపోయినా, ఈ పుస్తకంలో పేరుంటేనే ఆ ఊళ్ళో మనిషి ఉన్నట్టు లెక్క.

మావయ్య బియ్యం బస్తాల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సంక్రాంతి దాకా కాలు నేలమీద పెట్టొద్దని డాక్టరు తొడదాకా కట్టేశాడు. కూతురు డాలస్‌లో ఉంది. అల్లుడు ఆమె వెనకాలే ఉన్నాడు. మిగిలింది మేనల్లుణ్ణి నేను. పైగా జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ని. "డబ్బు గురించి పాఠాలు చెప్పేవాడు డబ్బుపెట్టె దగ్గర కూర్చోలేడా?" అని బంధువులు తేల్చేశారు. ఎముకల లెక్క తెలుసు కదా అని మెడికల్ కాలేజీ మేష్టారిని కుస్తీ గోదాలోకి దింపడం లాంటి తర్కం అది.

మంగళవారం పూట కొత్త పని మొదలుపెట్టకు బాబూ అంది అత్తయ్య. అర్థశాస్త్రంలో మంగళవారం ప్రస్తావన లేదని చెప్పి గల్లాపెట్టె తాళం తీసుకున్నాను. ఆ మంగళవారం నవంబరు 8. రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో కనబడి, అర్ధరాత్రి నుంచి అయిదొందల నోటూ వెయ్యి నోటూ చెల్లవని ప్రకటించారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లే. అత్తయ్య నావంక చూసిన చూపులో పంచాంగం మొత్తం ఉంది.

ఆ రాత్రి ఊళ్ళో నిజాయితీ ఒక్కసారిగా పెరిగిపోయింది. ఏళ్ళ తరబడి మా వీధి మొహం చూడని బాకీదార్లు లైను కట్టారు. బుల్లెట్టు బాబు తన బండి శబ్దం మాకు వినబడకుండా చెరువు చుట్టూ తిరిగి వెళ్ళే మనిషి. అలాంటివాడు నేరుగా కొట్టు ముందు బండి ఆపి, "అప్పుంటే నిద్ర పట్టదండి మేష్టారూ" అంటూ వెయ్యినోట్లు తీశాడు. ఆ నోట్లకి అప్పుడు ఇంకా రెండు గంటల ఆయుష్షుంది. తీసుకోవాలా వద్దా అన్నది విధాన నిర్ణయం. ఆపద్ధర్మ షావుకారుకి అధికారం లేదు. వెనక గదిలో మంచమ్మీద ఉన్న అసలు ప్రభుత్వాన్ని అడిగాను.

"తీసుకోరా అల్లుడూ! చచ్చిన నోటుని బ్యాంకు వాడైనా తీసుకుంటాడు, చచ్చిన బాకీని ఎవడు తీసుకుంటాడు?" అన్నాడు మావయ్య.

ఇన్నేళ్ళు ద్రవ్య సిద్ధాంతం బోధించినా ఈ వాక్యం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ తగల్లేదు.

మావయ్య మంచానికీ గల్లాపెట్టెకీ మధ్య ఒక కర్టెన్ మాత్రమే అడ్డు. ఆయన కళ్ళతో చూడలేకపోయినా చెవులతో కొట్టు నడిపేవాడు. పంచదార పొట్లంలో పడే చప్పుడు విని "ఎక్కువైంది, తియ్యి" అనేవాడు. గల్లాపెట్టె సొరుగు ఎంతసేపు తెరిచి ఉందో దాన్నిబట్టి ఎంత చిల్లర ఇచ్చానో చెప్పేవాడు. కొట్లో నా కింద పనిచేసే ఉద్యోగి ఒకడున్నాడు. ముప్పయ్యేళ్ళు దాటినా అందరూ చిన్నోడనే పిలుస్తారు. నా కింద అన్నది కాగితం మీది మాట. నేను ఏదైనా ఉత్తర్వు జారీ చేస్తే అతను "ఆయ్" అని వినయంగా ఒప్పుకుని, కర్టెన్ వంక చూసి, అక్కణ్ణుంచి దగ్గు వినబడితేనే అమలు చేసేవాడు.

మర్నాడు బ్యాంకులు మూసేశారు. ఏటీఎంలు రెండ్రోజులు మూతపడ్డాయి. తర్వాత తెరిచారుగానీ, కొత్త రెండువేల నోటు పాత వాటికన్నా పొట్టిగా అచ్చైంది. ఏటీఎం పెట్టెలన్నీ కొత్త కొలతకి సవరించుకోవలసి వచ్చింది. ఇన్ని కోట్లమంది కోసం నోటు మార్చేముందు దాన్ని పెట్టే డబ్బా కొలత చూసుకోవాలన్న సంగతి మా చిన్నోడికి కూడా తెలుసు. బెల్లం అచ్చులు తెచ్చేముందు అతను డబ్బా మూత తీసి చూసుకుంటాడు.

ఆ గులాబీ నోటు ఊళ్ళోకి వచ్చిన రోజు చూడాలి. బ్యాంకు ముందు పొద్దున్నుంచీ నిలబడి సంపాదించినాయన దాన్ని చొక్కా జేబులో బయటికి కనబడేలా పెట్టుకుని వచ్చి, అగ్గిపెట్టె అడిగాడు. చిల్లర లేదన్నాను. "పోనీ రెండు అగ్గిపెట్టెలివ్వండి" అన్నాడు. ఆ నోటు వెనక మంగళయాన్ బొమ్మ ఉంది. అంగారకుడి దాకా వెళ్ళొచ్చేమోగానీ, దాంతో మా కొట్లో కొత్తిమీర కట్ట దొరకదు. అందులో చిప్పు ఉందనీ, ఎక్కడ దాచినా ఉపగ్రహానికి తెలిసిపోతుందనీ వాట్సప్‌లో వచ్చింది. "తెలిస్తే తెలిసిందిలెండి. చిల్లర ఎక్కడుందో కూడా చెప్పమనండి" అన్నాడు చిన్నోడు.

మధ్యలో ఉప్పు గొడవ ఒకటి. నవంబరు 11న ఉత్తరాదిలో ఉప్పు దొరకదని పుకారు లేచింది. ఢిల్లీలో కొడుకున్న రిటైర్డ్ హెడ్మాస్టారు ఫోన్ చెవికి పెట్టుకునే వచ్చి బస్తా అడిగారు. కర్టెన్ వెనక నుంచి జవాబొచ్చింది: "నరసాపురంలో సముద్రం పెట్టుకుని ఉప్పుకి కంగారేంటండి? ఒక్క ప్యాకెట్ తీసుకెళ్ళండి, బీపీ కూడా ఉంది మీకు." కస్టమర్ల రక్తపోటు సైతం పద్దు పుస్తకంలో భాగమే.

చిల్లర కరువుకి మొదట నేను పెట్టిన విరుగుడు చాక్లెట్. రూపాయికొకటి. పిల్లలు సంతోషించారు, షుగరున్న పెద్దలు గొణిగారు. చాక్లెట్ ద్రవ్యం బాగానే చలామణి అవుతోందనుకుంటూ ఉండగా, వీధి చివరి బామ్మగారు సంచీడు చాక్లెట్లు తెచ్చి బల్లమీద గుమ్మరించి పావుకిలో కందిపప్పు ఇమ్మంది. ఇది చట్టబద్ధమైన ద్రవ్యం కాదని వివరించాను. "నువ్విస్తే రూపాయి, నేనిస్తే చాక్లెట్టా నాయనా?" అంది. ద్రవ్యానికుండే విధులన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి. పప్పు కొలవక తప్పలేదు. వాటిలో సగం అప్పటికే కరిగిపోయాయి. ద్రవ్యోల్బణం గురించి చదివానుగానీ, ద్రవ్యం నిజంగానే ద్రవం కావడం అదే చూడటం.

అసలు విశేషం ఆ రాత్రి బయటపడింది. గల్లాపెట్టెలో పది నోట్లు అడుగంటాయి. రేపు కొట్టు తీయలేమని చెప్పాను. అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి ఆవాల డబ్బా తెచ్చింది. తర్వాత మెంతుల డబ్బా. తర్వాత పాత హార్లిక్స్ సీసా. అన్నిట్లోనూ పదులు, ఇరవైలు, యాభైలు, అయిదు రూపాయల బిళ్ళలు!

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు పప్పు డబ్బాల్లో దాచుకున్న అయిదొందల నోట్లు బయటికొచ్చాయి. మొగుళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు, ఆడవాళ్ళు కంటనీరు పెట్టుకున్నారు. మా అత్తయ్య డబ్బాల్లో ఒక్క అయిదొందల నోటూ లేదు. కారణం ఆమే చెప్పింది: "పెద్ద నోటు తీస్తే మీ మావయ్య కనిపెట్టేస్తాడు బాబూ. పది తీస్తే లెక్కలోకి రాదు." దేశాన్ని ముంచిన విధానం ఏదైనా కావచ్చుగానీ, మా కొట్టుని నిలబెట్టింది మాత్రం దీర్ఘకాలిక చిన్నతరహా చేతివాటం.

కర్టెన్ వెనక చాలాసేపు దగ్గు కూడా వినబడలేదు.

అత్తయ్య చిల్లర అప్పిస్తానంది. షరతులు రెండు. ఈ సొమ్ము ఎక్కడిదని ఎవరూ అడగకూడదు. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు పది తీసుకుంటే పదులే, బిళ్ళలు తీసుకుంటే బిళ్ళలే తిరిగి రావాలి. వడ్డీ సంగతి సంక్రాంతి చీరప్పుడు మాట్లాడదామంది. కష్టకాలంలో చివరి ఆధారంగా అప్పిచ్చే సంస్థ కేంద్ర బ్యాంకు అని మా క్లాసులో ఏటా రాయిస్తాను. దాని ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంటుందనుకున్నాను.

ఇంతలో సార్వా కోతలొచ్చాయి. వరి కోత కూలి రొక్కంలోనే ఇవ్వాలి. రైతు డబ్బు సహకార బ్యాంకులో ఉంది. జిల్లా సహకార బ్యాంకులు పాత నోట్లు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు నవంబరు 14న ఆపేసింది. మిగతా బ్యాంకుల్లో వారానికింత అని కోటా. అది కూడా క్యాష్ అయిపోయిందని గేటు వేసేలోపు చేరుకున్నవాళ్ళకి. చేను ఎవరికోసమూ ఆగదు కదా. చెరువుగట్టు పెదనాన్న క్యాలెండర్ కాగితం చింపి "ఈ చీటీ తెచ్చిన మనిషికి రెండొందల సరుకు ఇవ్వవలెను, పద్దు నాది" అని రాసి సంతకం పెట్టి కూలీల చేతికిచ్చాడు. మర్నాటికి ఊళ్ళో సగంమంది రైతులు చీటీలు రాస్తున్నారు. ఒకాయన కూతురి శుభలేఖల వెనక రాశాడు. కూలికొచ్చినవాళ్ళు ముహూర్తం చూసి, పెళ్ళెప్పుడో అయిపోయిందని వాపసిచ్చేశారు.

ఇప్పుడు ఎవరి చీటీ చెల్లుతుంది, ఎవరిది చెల్లదు? రెండంతస్తుల మేడ, కారు ఉన్నాయన చీటీని నేను కళ్ళకద్దుకుని తీసుకోబోయాను. కర్టెన్ గర్జించింది.

"మేడ చూడకురా! కొట్టు ముందునుంచి వెళ్ళేటప్పుడు ఇటు చూసి పోయేవాడికియ్యి. అటు తిరిగి సెల్‌ఫోన్ నొక్కుకుంటూ పోయేవాడికి ఇవ్వకు."

రేటింగ్ ఏజెన్సీలు కంపెనీల లెక్కలన్నీ తిరగేసి మూడు ఏలు, రెండు బీలు ఇస్తాయి. మావయ్య పద్ధతిలో మెడ ఎటు తిరిగిందో చూస్తే చాలు. నోటుమీద కూడా ఉన్నది ఒక చీటీయే. పట్టుకొచ్చినవాడికి ఇంత చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు రాసిచ్చే మాట. అప్పటి కొత్త నోటు మీద సంతకం ఉర్జిత్ పటేల్ గారిది. పాపం ఆయన మా కొట్టు ముందునుంచి ఎప్పుడూ వెళ్ళలేదు. ఇటు చూసేవారో అటు చూసేవారో మావయ్యకు తెలిసే మార్గం లేదు.

చీటీలు నేరుగా మా దగ్గరికి రావడం కూడా మానేశాయి. కూలి మనిషి సెలూన్లో ఇచ్చాడు, సెలూనాయన పాలవాడికిచ్చాడు, పాలవాడు తవుడు కొట్లో ఇచ్చాడు, తవుడు కొట్టాయన మా కొట్లో సబ్బులు కొన్నాడు. కాగితం నలిగి, నూనె మరకలు పడి, వెనక ఎవరిదో ఫోన్ నంబరు ఎక్కి, అచ్చం నోటులాగే తయారై వచ్చేది. ద్రవ్య సృష్టి అనే పాఠం మా పిల్లలకి ఏటా అర్థం కాదు. ఆ ఏడు కొట్టు దగ్గరికి తీసుకొచ్చి చూపిద్దామనుకున్నానుగానీ, వాళ్ళంతా చాక్లెట్లు అడుగుతారని భయమేసింది.

ఈ వైభవానికి సరిహద్దు ఎక్కడుందో కూడా అప్పుడే తెలిసింది. కోతలకి శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీలకి చీటీలు పనికిరావు. వాళ్ళు ఇంటికి పంపాల్సింది రొక్కం, వాళ్ళ ఊరి కొట్లో మా పెదనాన్న సంతకం చెల్లదు. రొక్కం అసలు అవసరమయ్యేది ఒకరికొకరు తెలియని చోటే. అందుకే నోటు పోయాక ఊరివాళ్ళు ఇబ్బంది పడ్డారు, బయటివాళ్ళు పస్తున్నారు. వాళ్ళకి బియ్యం, పప్పు మేస్త్రీ పూచీ మీద ఇమ్మన్నాడు మావయ్య. పుస్తకంలో కొత్త పేజీ తెరిచి ఏమని రాయను అని అడిగితే "మళ్ళీ దాళ్వాకి వచ్చేవాళ్ళు అని రాయి" అన్నాడు. వాళ్ళు వస్తారని ఆయనకెలా తెలుసో నేనడగలేదు. దాళ్వా కోతలకి వచ్చారు, తీర్చారు.

సంక్రాంతికి మావయ్య కాలు బాగైంది. కుర్చీ ఆయన్ని చూసి తన ఒరుగుడు సరిచేసుకుంది. పండగ వెళ్ళాక, చిల్లర కష్టం సగం తీరిపోయాక, మేం అప్లై చేసిన స్వైపింగ్ మిషన్ వచ్చింది. సిగ్నల్ కోసం దాన్ని పట్టుకుని చిన్నోడు వీధి మధ్యలో నిలబడేవాడు. పిన్ను నొక్కమంటే జనం నాలుగంకెలూ వీధంతా వినబడేలా చెప్పేవారు. చాలామందిది పెళ్ళైన సంవత్సరమే. "ఇంతమంది గుట్టు తెలుసుకోవడం నా వయసుకి మంచిది కాదురా" అని మావయ్య దాన్ని అగరొత్తుల పక్కన పెట్టేశాడు.

రద్దయిన నోట్లలో 99.3 శాతం తిరిగి వచ్చేశాయని రిజర్వు బ్యాంకు తేల్చి చెప్పడానికి 2018 ఆగస్టు దాకా పట్టింది. ఆ గులాబీ నోటుని కూడా 2023 మేలో వెనక్కి తీసుకుంటామన్నారు. మా చీటీల లెక్క సంక్రాంతి ముందే తేలింది. మేడాయన చీటీలు తప్ప అన్నీ వసూలు. అవి కూడా నేను కర్టెన్‌కి తెలియకుండా తీసుకున్నవి కావు, చిన్నోడు మొహమాటానికి తీసుకున్నవి. "రిజర్వు బ్యాంకుకే నూటికి నూరు రాలేదు, మనకెందుకొస్తుందిలే" అన్నాడు మావయ్య ఆ ఆగస్టులో పేపరు మడిచి పెడుతూ.

ఊరుకోలేక అత్తయ్యని అడిగాను, ఆవాల డబ్బాలో ఇప్పుడు ఎంతుందని.

"ఆ గవర్నరు గారు తన దగ్గరికెంతొచ్చిందో చెప్పడానికే రెండేళ్ళు పట్టింది కదా బాబూ. నన్నెందుకు కంగారుపెడతావ్?" అంది.