మూడుంపావు జీబీ బాబాయి

కొత్త కంప్యూటరు కొనడానికి మా బాబాయికి ఏ అభ్యంతరమూ లేదు. అందులో కొత్తదేదీ ఉండకూడదు, అంతే.

విజయవాడలో ఆయనది డీటీపీ సెంటరు. శుభలేఖలు, కరపత్రాలు, ఓణీల ఫంక్షన్ కార్డులు. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, విండోస్ ఎక్స్‌పీ ఆయనకు త్రిమూర్తులు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్టు నీళ్లొదిలేసింది. ఆ ఏడే బాబాయి పాత డబ్బా కూడా మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు బూరెల్లా ఉబ్బి కన్నుమూసింది. దసరాకి కొత్తది కొన్నాడు. 8 జీబీ ర్యామ్, వెడల్పాటి తెర. "ఒరేయ్, సాఫ్ట్‌వేరోడివి కదా, వచ్చి మన ఎక్స్‌పీ ఎక్కించిపో" అని హైదరాబాదుకి ఫోను. నా సెలవులు అలా హరీమన్నాయి.

సీడీ పెట్టాం. కాసేపు ఏవేవో ఎక్కించుకుని, నీలం తెర మీద 7బి అనే కోడు చూపించి ఆగిపోయింది. "సిటీ బస్సు నంబరులా ఉందే" అన్నాడు బాబాయి. కొత్త హార్డ్‌డిస్కు మాట్లాడే భాష ఎక్స్‌పీ పుట్టేనాటికి లేదు. దుబాసీ కావాలంటే ఎఫ్6 నొక్కి ఫ్లాపీలోంచి డ్రైవరు ఇవ్వాలి. కొత్త డబ్బాకి ఫ్లాపీ తినే నోరే లేదు. అయినా బాబాయి బీరువా తెరిచి, పిన్ని పట్టుచీరల కిందనుంచి ఫ్లాపీల పెట్టె లాగాడు. "పారెయ్యమని మీ పిన్ని ఒకటే గొడవ. చూశావా!" ఆ మొహంలో వెలుగు చూశాక ఇంకేం చెబుతాం? నోరు మూసుకుని బయోస్‌లోకి వెళ్లి, ఏహెచ్‌సీఐ అన్నచోట ఐడీఈ పెట్టి, కొత్త డిస్కు చేత పాతదాని వేషం వేయించాను.

పచ్చటి గుట్ట, నీలాకాశం ప్రత్యక్షమయ్యాయి. 1996లో చార్లెస్ ఓరియర్ కాలిఫోర్నియాలో తీసిన ఫొటో అది. బాబాయి దృష్టిలో మాత్రం అరకు. ఆయుధపూజ కుంకుమబొట్టు దానికే పెట్టాడు.

గ్రాఫిక్స్ డ్రైవరు లేదు కాబట్టి బొమ్మలన్నీ అడ్డంగా సాగాయి. శుభలేఖ మీది వినాయకుడు కాబట్టి సరిపోయింది, పెళ్లికూతురి ఫొటో అయితే తన్నులాటే. 8 జీబీ ర్యామ్‌లో 32 బిట్ ఎక్స్‌పీకి ఆనింది మూడుంపావు.

"ఎనిమిది గదుల ఇల్లు కొని మూడుంపావు గదుల్లో కాపురమా బాబాయ్?"

"మిగతావి తాళం వేసుంచుదాం. చుట్టాలొస్తారుగా."

నెట్ కార్డుకీ డ్రైవరు దొరకలేదు. "మంచిదేగా, వీధితలుపు లేని కొంపకి దొంగెలా వస్తాడు?" అన్నాడు. పెన్‌డ్రైవులో వచ్చాడు. ఎవరిదో గృహప్రవేశం మ్యాటరుతో పాటు తనూ గృహప్రవేశం చేసి, ఫోల్డర్లన్నిటినీ షార్ట్‌కట్లు చేసిపోయాడు. ఇదిగాదు, విండోస్ 7 వేసి దాని లోపల ఎక్స్‌పీని వర్చువల్‌గా ఉంచుతానన్నాను. "సొంతింట్లో నన్ను అద్దెకుండమంటావుట్రా?"

ఒక రాత్రి తొమ్మిదింటికి పెళ్లికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. కార్డులో 'కమల' పడింది, 'కమల' కాదు 'కోమల'ట. తెల్లారితే ప్రింటింగు. నేను హుందాగా నా ల్యాప్‌టాప్ తెరిచాను. అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దంది. 27 శాతం దగ్గర కూర్చుంది. ఎట్టకేలకు లేచాక ఫైలు తెరిస్తే, అను ఫాంట్లు లేక, శ్రీరస్తు శుభమస్తు కాస్తా పిచ్చి ఇంగ్లీషు గీతలైంది. ఈలోపు బాబాయి, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు వంకైనా చూడకుండా, కోమలని కూర్చోబెట్టి, టీ కూడా తెప్పించేశాడు. "మీ కొత్తదానికి తెలుగు రాదుట్రా, పాపం" అన్నాడు.

మనలో మాట. వేసవి సెలవుల్లో ఆయన నేర్పిన అను లేఔటు తప్ప నా వేళ్లకింకోటి రాదు. ఇదీ అందులోనే కొడుతున్నాను. నా విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో నూకలు చెల్లాయి. నా ల్యాప్‌టాప్‌కి 11 భేషుగ్గా పడుతుంది. రోజూ అడుగుతుంది, రోజూ 'తర్వాత' నొక్కుతాను. కారణం చెప్పుకుంటే సిగ్గుచేటు: అందులో స్టార్ట్ బటన్ మూలనుంచి మధ్యకి జరిగిందిట.

సంగతి ఎలా తెలిసిందో, నిన్న బాబాయి ఫోను.

"నీదానిక్కూడా నీళ్లొదిలేశారటగా? నాలుగుంముప్పావు గదులు ఇంకా ఖాళీగానే ఉన్నాయిరా. వచ్చెయ్."