గోప్యంగా మాట్లాడుకుందాం, గోస్తనీ ఒడ్డుకి రండి

మనసు బాగోలేకపోతే ఇప్పుడు చినవాల్తేరు ఆసుపత్రి దాకా పోనక్కర్లేదట. ఫోన్లోనే కౌన్సెలింగు. "మీ గదిలో, మీ ఏకాంతంలో, పూర్తి గోప్యంగా" అని ప్రకటన. ఆ గది ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

మాది తగరపువలస. రెండు గదులు, ఐదుగురు మనుషులు, ఒక టీవీ. నేను మనసు విప్పే వేళకి ముందుగదిలో సీరియల్, వెనకగదిలో పిల్లాడి ట్యూషన్. మేడెక్కాను. పక్కింటావిడ వడియాలు తిరగేస్తోంది. నా చిన్నతనం దగ్గర మొదలెట్టేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఇక గోస్తనీ ఒడ్డే గతి. సిగ్నల్ అంతంతమాత్రం. తెర మీద బిగుసుకుపోయిన మొహం "మీకిప్పుడు ఎలా అనిపిస్తోంది?" అని అడుగుతుంటే, గేదెల్ని తోలుకొస్తున్న ముసలాయన నన్ను చూసి ఆగాడు. "ఏటి బావూ, ఇంటికాడ గొడవేటి?" నలభై అయిదు నిమిషాల ప్రశ్నావళి ఒక్క ముక్కలో అయిపోయింది. ఫీజు ఒక బీడీ. అదీ ఆయనే ఇచ్చాడు.

సాయంత్రానికి నా సంగతి బజార్లో ఉల్లిపాయల కొట్టు దగ్గర వినిపించింది. పోనీలెండి, మా ఊరి పుకారు ఆనందపురం దాటితే గొప్ప. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగు కంపెనీ కూడా గోప్యమనే చెప్పింది. గోడు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల ఈమెయిళ్లు, వాళ్లిచ్చిన జవాబులు ప్రకటనల కోసం ఫేస్‌బుక్కుకీ స్నాప్‌చాట్‌కీ అందించిందని 2023లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిలదీస్తే, 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. మా పక్కింటావిడ కనీసం గిన్నెడు వడియాలు పంపింది.

ఇంతకీ అవతల కూర్చున్నదెవరు? క్లినికల్ సైకాలజిస్టు అనిపించుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్లో పేరుండాలి. "వెల్‌నెస్ కోచ్" అనిపించుకోవాలంటే ఫొటోలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే చాలు. అసలు మనిషే ఉండక్కర్లేదు కూడా. 1966లోనే ఎమ్‌ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. మనమన్న మాటనే ప్రశ్నగా తిప్పి మనకే అప్పజెప్పడం దాని విద్య. అది యంత్రమని తెలిసి కూడా ఆయన సెక్రటరీ దాంతో మాట్లాడుతూ ఆయన్ని బయటికి వెళ్లమంది. ఆవిడకైనా ఒక గది ఉంది.

ఫోన్లో వైద్యం తప్పని కాదు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్లకి ఆ వెసులుబాటు ఇచ్చాయి. పనికి సెలవు పెట్టలేనివాడికి అది వరమే. ముందు కార్డు నంబరు, తర్వాత కన్నీళ్లు అనే అంగళ్ల గురించే నా ఏడుపు. ప్రభుత్వం వారి ఫోన్ కౌన్సెలింగు సేవ టెలిమానస్ 2022 అక్టోబరు నుంచి ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా అడగదు, తెలుగులో మాట్లాడుతుంది. గది మాత్రం మీరే వెతుక్కోవాలి.