కౌంట్ ఎంతట?

నాలుగు చినుకులు పడ్డాయో లేదో ఫోన్ల మీద ఫీవర్ ప్యాకేజీల జల్లు మొదలైంది. డెంగీ, మలేరియా, టైఫాయిడ్, చికున్‌గున్యా అన్నీ కలిపి సగం ధరకే. ఇంట్లో ఇద్దరు చేయించుకుంటే ఇంకాస్త తగ్గింపు. రెండో మనిషికి జ్వరం లేదు కదయ్యా అంటే, ‘ముందుజాగ్రత్త సార్’ అట!

బుకింగ్‌లో వయసు అడుగుతారు, పిన్‌కోడ్ అడుగుతారు, కూపన్ ఉందా అని అడుగుతారు. జ్వరం వచ్చి ఎన్నో రోజు అని మాత్రం అడగరు. అడగాల్సింది అదొక్కటే. ఎన్‌ఎస్‌1 పరీక్షకు డెంగీ దొరికేది ముఖ్యంగా మొదటి నాలుగైదు రోజుల్లో. ఐజీఎం యాంటీబాడీలు తేలడానికి మామూలుగా ఐదో రోజు రావాలి. రెండో రోజున చేస్తే, ఒంట్లో డెంగీ ఉన్నా ఐజీఎం నెగటివ్ రావచ్చు. ఇక ఐజీజీ ఎప్పుడో వచ్చిపోయిన డెంగీకి కూడా పాజిటివ్ చూపిస్తుంది. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ అయితే 1896 నాటిది. మన దగ్గర ఏ జబ్బూ లేనివాళ్లకూ అంతో ఇంతో చూపిస్తుంది. దాన్ని నమ్ముకుని వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ సెలైన్లు!

నా అసలు కడుపుమంట ప్లేట్‌లెట్ల మీద. జ్వరమొచ్చిన ఇంటికి ఫోన్ చేసి ‘ఎలా ఉన్నాడు?’ అని అడిగేవాళ్లు కరువయ్యారు. ‘కౌంట్ ఎంతట?’ అంటున్నారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు. పొద్దున 92 వేలు, సాయంత్రం 84 వేలు. వాట్సాప్ గ్రూపులో బాబాయి దండం పెడతాడు, అత్తయ్య బొప్పాయి ఆకు రసమంటుంది, డాలస్‌లో ఉన్న బావ కివీ పండంటాడు.

ఆ రెండు లెక్కలూ రెండు ల్యాబులవి. ఆ మాత్రం తేడా మెషిన్లదే కావచ్చు. ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకట్టినా మెషిన్ తక్కువ చూపిస్తుంది. అనుమానమొస్తే స్లైడు వేసి మైక్రోస్కోపులో చూడాలి. సగం ధర ప్యాకేజీలో అంత ఓపిక ఎవరికి?

డెంగీ కాని వైరల్ జ్వరాల్లోనూ కౌంట్ పడుతుంది. రక్తస్రావం లేనప్పుడు 10 వేల లోపుకు పడితే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదని మన జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. మనవాళ్లు 50 వేలకే దాతల కోసం స్టేటస్‌లు పెట్టేస్తారు. కోలుకునేటప్పుడు కౌంట్ దానంతటదే పెరుగుతుంది, పేరు బొప్పాయికి పోతుంది. అదే రిపోర్టులో పీసీవీ అని ఇంకో అంకె ఉంటుంది. అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని. దాన్ని గ్రూపులో పెట్టిన చుట్టాన్ని ఇంతవరకు చూడలేదు.

ఇళ్లలో చేసుకునే కోవిడ్ కిట్ల గురించి చెప్పేదేముంది? 2021లో రెండో గీత రాలేదని దగ్గుకుంటూ పెళ్లిళ్లకు వెళ్లాం. లక్షణాలుండి కిట్ నెగటివ్ చూపిస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోమని ఐసీఎంఆర్ అప్పుడే చెప్పింది. విన్నదెవరు?

ఇక నవ్వు రావడం లేదు. డెంగీలో ఎక్కువగా ప్రాణం తీసేది రక్తనాళాల్లోంచి ద్రవం కారిపోయి బీపీ పడిపోవడం. అది జరిగేది జ్వరం తగ్గే వేళ, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. సరిగ్గా ‘నెగటివ్ వచ్చింది, జ్వరమూ తగ్గింది’ అని ఇంటిల్లిపాదీ నిద్రపోయే రాత్రి. ఫారంలో ‘జ్వరం ఎన్నో రోజు?’ అని ఒక్క గడి పెట్టడానికి ఈ ప్యాకేజీలవాళ్లకు చేతులు రావు. పెడితే చాలామందికి ‘ఐజీఎం ఇప్పుడొద్దు, మూడు రోజులాగి చేయించుకోండి’ అని చెప్పాల్సొస్తుంది. వాళ్ల డబ్బులు వదులుకోవడం ఇష్టంలేక జనాన్ని గాలికి వదిలేస్తున్నారు. ఇది వైద్యం కాదు, భయం మీద బేరం.

జ్వరం తగ్గినా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గడం, మనిషి మగతగా ఉండటం... వీటిలో ఏ ఒక్కటి కనబడినా రిపోర్టు ఏం చెప్పిందో చూడకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈలోగా బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటి మాత్రలు మాత్రం వేయకండి.